నేను చదవని రిజిస్టర్

నోయిడాలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక చిన్న టూల్ బాధ్యత నాది. ప్రాసెసర్ ఎంత కరెంటు తింటోందో, పని లేనప్పుడు ఎంతసేపు నిద్రపోతోందో అది తెర మీద చూపించేది. ఆ లెక్కలు ప్రాసెసర్ లోపలే, రిజిస్టర్లనే చిన్న చిన్న గదుల్లో ఉంటాయి. టూల్ వాటిని చదివి చెబుతుంది, అంతే. దాన్ని మొదట రాసింది నేను కాదు. అయినా ఎవరైనా దాన్ని అనుమానిస్తే నాకు ఒళ్లు మండేది.

కొత్త చిప్ వచ్చిన వారమే టూల్ నిద్ర దగ్గర సున్నా చూపించింది. అంతకుముందు రోజే ప్రాసెసర్‌ను నిద్రపుచ్చే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ కోడ్ మారింది. మార్చినతను వరంగల్ నుంచి వచ్చినవాడు. టీమ్‌లో తెలుగువాళ్లం మేమిద్దరమే. క్యాబ్‌లో నా పక్కనే కూర్చునేవాడు.

"అక్కా, నా కోడ్‌ల తప్పు లేదు. కొత్త చిప్‌ల ఆ లెక్క వేరే రిజిస్టర్‌ల ఉన్నది. నీ టూల్ ఇంకా పాతదే సదువుతున్నది. ఒక్కసారి సూడరాదు?" అన్నాడు.

"చూస్తాలే" అని, అతను చెప్పిన నంబరు రాసుకున్నాను. చూడలేదు.

మీటింగ్‌లోనూ అతను అదే చెప్పాడు. మేనేజర్ నా వైపు తిరిగి, "టూల్ సహీ హై నా?" అని అడిగాడు. టూల్ సరిగ్గానే ఉంది కదా అని. అందరి కళ్లూ నా మీదే. తెలియదు అనడం నామోషీ అనిపించింది.

"సహీ హై, సర్."

అతను నా వైపు చూడలేదు. ఆ వారమే అతన్ని ప్రాజెక్టు నుంచి తీసేశారు. రెండు నెలలు ఏ పనీ ఇవ్వకుండా కూర్చోబెడితే రాజీనామా చేశాడు.

తర్వాత క్లయింటే అడిగాడు, ఏ రిజిస్టర్ నంబరు ఇస్తే ఆ రిజిస్టర్‌ను చదివే ఆప్షన్ టూల్‌లో కావాలని. రెండు రోజుల పని. అయ్యాక మొదట కొట్టింది అతను చెప్పిన నంబరే. అంకె కదులుతోంది. ప్రాసెసర్ మొదటినుంచీ హాయిగా నిద్రపోతూనే ఉంది.

మేనేజర్‌కు చెప్పాను. "అచ్ఛా. రిలీజ్‌లో పెట్టేయండి. పాత విషయం మెయిల్‌లో రాయొద్దు" అన్నాడు.

అతనికి ఫోన్ చేశాను. ఘాజియాబాద్‌లో ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతున్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం. తప్పు టూల్‌దే."

"అందరికీ మెయిల్ పెట్టినవా అక్కా?" అని అడిగాడు.

"లేదు. రిలీజ్‌లో పెట్టేశాం" అన్నాను.

"ఠీక్ హై. క్లాసుకు టైమయింది" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మెయిల్ నేను ఎప్పటికీ రాయలేదు. కొత్త ఆప్షన్ బాగుందని క్లయింటు మెచ్చుకున్నాడు. ఆ ఏడు అప్రైజల్‌లో నా ఘనకార్యంగా దాన్నే రాశారు. చదివి సంతకం పెట్టాను.