ఎర్ర ముక్కల గడియారం

పోయిన నెల మిక్సీ బాగు చేయించుకుందామని పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక రిపేరు కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టతను మిక్సీ అడుగు విప్పుతూ, పక్కనున్న పాత రేడియో ఆన్ చేశాడు. పాట రాలేదు. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య ఉండే సొద వచ్చింది, వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు సుయ్యిమంటూ. అతను విసుక్కుని కట్టేయబోతే ఉండనివ్వమన్నాను. పాట లేదు కదమ్మా, ఏటి వింటారు అన్నాడు. వాచీ చూసుకున్నాను. పదకొండూ నలభై ఆరు. ఇంకో రెండు నిమిషాలు ఆ సొదకు చెవి ఒగ్గి నిలబడ్డాను. పక్కన కూరల సంచీతో ఉన్నావిడ నన్ను ఎగాదిగా చూసింది. చూస్తే చూసింది. ఇలాంటి చూపులు ఇరవై ఏళ్ళకు పైగా పడుతూనే ఉన్నాను. ఆ అలవాటు నాకు అంటించినాయన అప్పలస్వామి మాస్టారు.

మాస్టారంటే బడిపంతులు కాదు. తొంభైల్లో రేవుకు ఎదురుగా, కొండ మీద ఒక వైర్‌లెస్ గది ఉండేది. వచ్చే పోయే ఓడలతోనూ, అప్పుడప్పుడే సెట్లు బిగించుకుంటున్న చేపల బోట్లతోనూ మాట్లాడడం దాని పని. ఇప్పుడా గది లేదు కాబట్టి ఎవరి అజమాయిషీలో ఉండేదో చెప్పి ఎవరినీ ఇబ్బంది పెట్టను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి నేను అక్కడ చిన్న ఆపరేటరుగా చేరాను. మా జాలరిపేట నుంచి ఆ కొండ ఎక్కి ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లని నేనే. గదికి పెద్ద ఆపరేటరు అప్పలస్వామి గారు. విజయనగరం వైపు రైతు ఇంట్లో పుట్టి, ఓడల్లో రేడియో పని చేసి చేసి వచ్చిన మనిషి. పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం కొండ దిగువకు వినబడేది. పని నేర్పుతారు కనక మాస్టారు అనేవాళ్ళం.

ఆ గదిలో ఒక గోడ గడియారం ఉండేది. దాని ముఖం మీద రెండు చోట్ల, పావుకి, ముప్పావుకి తర్వాత, మూడేసి నిమిషాల మేర ఎర్ర రంగు ముక్కలు పూసి ఉండేవి. పాతకాలం ఓడల రూలు అది. ముల్లు ఎర్ర ముక్కలోకి రాగానే సముద్రం మీదున్న ప్రతి ఓడా, ఒడ్డునున్న ప్రతి స్టేషనూ పిలుపులు ఆపేసి వినాలి. ఎక్కడో మునిగిపోతున్నవాడి బలహీనమైన పిలుపు ఈ గోలలో కొట్టుకుపోకుండా అందరూ కలిసి నోరు మూసుకునే మూడు నిమిషాలన్నమాట. నేను చేరేసరికి కొత్త యంత్రాలొచ్చి ఆ రూలు మూలపడింది. మాస్టారు మాత్రం దాన్ని మూలపడనివ్వలేదు. ముల్లు ఎర్రలోకి వచ్చిందంటే ఆయన చెయ్యి పైకి లేచేది, గదిలో టీ గ్లాసు చప్పుడు కూడా వినబడకూడదు. కొత్త సెట్లకు సొదని నొక్కేసే నాబ్ ఒకటుంటుంది. దాన్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. సొదతో పాటు సన్నగా వచ్చే మాటనీ నొక్కేస్తుందని ఆయన కోపం. రోజంతా ఆ సుయ్యిమనే మోత మధ్యే పని చేసేవాళ్ళం. నాకు మొదటి నెలంతా తలనొప్పి.

చేరిన వారంలోనే ఒక చీవాటు తిన్నాను. ఏదో బోటుని పిలిచి, జవాబు రాకపోతే, పిలుపులన్నీ రాసే పుస్తకంలో ‘ఎవరూ లేరు’ అని రాశాను. ఆయన పెన్సిలు తీసి ఆ మాట అడ్డంగా కొట్టేశారు.

“నేరని నీకెలాగ తెల్సు? ఎల్లి సూసొచ్చావా? నీకు ఇనబడ్నేదు, అంతే కదా. అదే రాయి.”

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద గొంతా అని ఉడుక్కున్నాను. కానీ ఆ తర్వాత నా చేత్తో ఆ మాట మళ్ళీ రాయలేదు.

క్యారేజీ విప్పే వేళ ఆయన కొంచెం మెత్తబడేవారు. ఈ సొదలో కొంత మన ఊరి కరెంటుది, కొంత ఎక్కడో పిడుగులది, కొంచెం మాత్రం ఆకాశంలోంచే వస్తోందని ఒకరోజు చెప్పారు. చుక్కల మధ్య నుంచి బయల్దేరి, దారి పొడుగునా అరిగి అరిగి మన ఏరియల్ మీద పడుతుందట. మరి అక్కడ మనలాంటి బుద్ధి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా మాస్టారూ అని అడిగాను. మాతో పని చేసే సన్యాసిరావు అప్పటికే నవ్వుతున్నాడు. రోజూ కొండెక్కుతూనే, బావా, సుక్కల్లోంచి కబురొచ్చిందేటి అని మాస్టారిని పలకరించడం అతని సరదా.

మాస్టారు ఎదురు ప్రశ్న వేశారు. చలికాలం మంచు కమ్మినప్పుడు పక్కన ఇంకో తెప్ప ఉందని మీ నాన్న ఎలా తెలుసుకునేవాడు అన్నారు. అది నాకు ఊయల్లో ఉన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి. మంచులో కేకేస్తే మాట చెదిరిపోతుంది. అందుకని మావాళ్ళు తెడ్డుతో తెప్ప చెక్క మీద మూడు దెబ్బలు కొట్టి ఆగుతారు. అవతల ఎవరైనా ఉంటే వాళ్ళూ మూడు కొట్టి ఆగుతారు. అలా కొడుతూ, ఆగుతూ దగ్గరికొస్తారు. అదే చెప్పాను. ఆయన తింటున్న చెయ్యి అలాగే ఉంచి, ముఖమంతా వెలిగించుకుని విన్నారు.

“గాలీ కొడతాది, కెరటమూ కొడతాది. కొట్టి ఆగి, నువ్వేటంతావో అని సూసేది మాత్రం బుద్దున్నోడే. మీ నాన్న నాకంటే పెద్ద ఆపరేటరే తల్లీ.”

మా నాన్నని అంత గొప్ప చేసి మాట్లాడారని ఇంటికెళ్ళి చెబితే అమ్మ రెండు రోజులు పేటంతా చెప్పుకు తిరిగింది.

ఆ మరుసటి ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. హెచ్చరిక అందేసరికే మా అన్నయ్య నూకరాజు సరంగుగా నడిపే బోటు సముద్రం లోపలికి వెళ్ళిపోయింది. బోటులో ఏడుగురు. గాలి తగ్గి మిగిలిన బోట్లన్నీ ఒకటొకటిగా రేవు చేరాయి, అన్నయ్యది రాలేదు. నేను మైకు పట్టుకున్నాను. బోటు పేరు పిలుస్తూ, అన్నయ్య పేరు పిలుస్తూ, మొదటి రోజు పిలిచాను, రెండో రోజు పిలిచాను. గొంతు పూడుకుపోతే వేడినీళ్ళు తాగి మళ్ళీ పిలిచాను. సన్యాసిరావు సరదాలన్నీ మానేసి టీ తెచ్చి పక్కన పెట్టేవాడు. మూడో రోజు పొద్దున పై అధికారి ఒకాయన కొండెక్కి వచ్చాడు. ఇన్ని గంటలు పిలిచినా జవాబు లేదంటే అక్కడెవరూ లేనట్టే, సాయంత్రంలోగా ఆ మాట రాసి పుస్తకం మూసేయండి అని వెళ్ళిపోయాడు. మూస్తే వెతికే పడవలు వెనక్కి వచ్చేస్తాయి. నేను ఇంకా గట్టిగా పిలవడం మొదలుపెట్టాను.

అప్పుడు మాస్టారు వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కున్నారు. గడియారం ముల్లు ఎర్ర ముక్కలోకి వస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీ చాదస్తానికి ఇదా వేళ, మా అన్నయ్య అక్కడ చస్తున్నాడు అన్నాను. ఆయన గొంతు పెంచకపోవడం ఆ ఒక్కసారే చూశాను.

“నువ్వు పిలస్తన్నంతసేపూ ఆడు సెప్పేది నీకెలాగ ఇనబడతాదే తల్లీ?”

ఆ సెట్టు అటువంటిదే. మైకు మీట నొక్కి ఉంచినంతసేపూ మన మాట పోతుంది, అవతలి మాట రాదు. ఈ సంగతి నాకు పరీక్షలో మార్కులు తెచ్చిన పాఠం. అయినా మూడు రోజులుగా, ఊపిరి తీసుకోవడానికి తప్ప, మీట వదిలింది లేదు. ఎర్ర ముక్కల్లో కూడా, ఆయన అటు తిరగగానే పిలిచేసేదాన్ని. ప్రేమ కొద్దీ చేసిన పనే, కాదనను. కానీ సముద్రం మీద వినబడవలసినదాన్ని నా గోలతోనే పూడ్చేశాను.

ఊరుకున్నాం. సొద వినబడుతోంది. ఒక నిమిషం గడిచింది. ఇంకొంచెం గడిచింది. సొద చటుక్కున తెగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తెగింది. మూడుసార్లు తెగి, తర్వాత మామూలుగా సాగింది. సన్యాసిరావు సెట్టు పాడైందన్నాడు. సెట్టు బాగానే ఉంది. అవతల మీట నొక్కితే, మాట లేకపోయినా, ఇక్కడ సొద తెగుతుంది. ఎవరో మైకు మీట నొక్కి వదులుతున్నారు. మైకు తడిసి మాట పోవడం లేదేమో, బ్యాటరీ చివరికి వచ్చిందేమో. అయినా మూడు నొక్కి ఆగుతున్నారు. తెడ్డు దెబ్బలే అవి. మా వాళ్ళే.

మైకు తీసుకుని నేనూ మూడు నొక్కి ఆగాను. మూడు వచ్చాయి. మా మాట వాళ్ళకు అందుతోందన్నమాట. అవునంటే రెండు, కాదంటే ఒకటి నొక్కమని చెప్పాను. తర్వాత ఏ ఆపరేటరూ ముందుగా అడగకూడనిది అడిగాను. అన్నయ్యా, నువ్వేనా అన్నాను.

ఒక్కసారి తెగింది. ఇంకోసారి కోసం ఎదురుచూశాను. రాలేదు.

మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఎంతమందో అడుగు అన్నారు. అడిగాను. నాలుగు. కొండ కనబడుతోందా? రెండు. ఎడమ చేతికా? ఒకటి. అలా ఒక్కొక్క ప్రశ్నే వేసుకుంటూ, నా ఏడుపు మైకులోకి పోకుండా మింగుకుంటూ, వాళ్ళెక్కడున్నారో పట్టుకున్నాం. వెతికే పడవ చేరేలోపు బ్యాటరీ చచ్చిపోయింది. కానీ అప్పటికే చోటు తెలిసిపోయింది.

ఆ నలుగురూ దక్షిణాన ఎక్కడో ఇంకో పేటవాళ్ళు. ఇంజను చెడి గాలికి ఇటు కొట్టుకొచ్చారు. వాళ్ళు తప్పిపోయారని మాకెవరూ చెప్పలేదు, మేము వాళ్ళని వెతకలేదు, పిలవలేదు. పొద్దు వాలే వేళకి వాళ్ళని ఫిషింగ్ హార్బర్‌లో దింపారు. అన్నయ్య కోసం అమ్మ గంజి కాచి తెచ్చింది. నేను చెప్పవలసిన మాట చెప్పాను. అమ్మ ఆ నలుగురినీ ఒక్కొక్కరినే చూసింది. తర్వాత గిన్నె మూత తీసి, వాళ్ళలో చిన్నవాడి చేతికి ఇచ్చింది.

“మనోడు కాపోతేనేటి. ఎవులో ఒకలున్నారు కదా సంద్రంలో,” అంది.

నా వెనక మాస్టారు పైపంచెతో ముఖం తుడుచుకుంటున్నారు. ఆకాశంలో ఎవరున్నారో లేరో అని ఆ తర్వాత ఎంతమంది పెద్దలు మాట్లాడగా విన్నా, అమ్మ మాటను మించింది నాకు దొరకలేదు.

అన్నయ్య బోటు మాత్రం దొరకలేదు. ఇంకో పది రోజులకు ఆ అధికారి మళ్ళీ వచ్చాడు. ఈసారి కాగితం తయారుగా ఉంది. బోటులోని ఏడుగురిలో ఎవరూ లేరని నిర్ధారించడమైనది, కింద పెద్ద ఆపరేటరు సంతకానికి, చిన్న ఆపరేటరు సంతకానికి చోటు. మాస్టారు చదివి, నాను ఎల్లి సూడ్నేదు బాబూ, సంతకం పెట్టను అన్నారు. ఇంటి మనిషికే లేని పట్టుదల నీకెందుకని ఆ అధికారి నా వైపు తిరిగాడు. నేనూ పెట్టనన్నాను. మెమో వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా మాస్టారుని కొండ దింపి స్టోరు గదిలో కూర్చోబెట్టారు. వెళ్ళేముందు గడియారాన్ని గోడ నుంచి తీసి, తుడిచి, నా చేతిలో పెట్టారు. పాత సామానని రాసేసింది ఎలాగూ, ఉంచుకో అన్నారు.

వదినకి లేనిపోని ఆశ పెడుతున్నానని పేటలో కొందరన్నారు. నేను ఎవరికీ ఆశ పెట్టలేదు. సముద్రం సంగతి మాకు ఒకరు చెప్పాలా? ఏడ్చాం, చేయవలసిన కర్మ చేశాం, వదిన పిల్లల్ని పెంచుకుంది. అది మా ఇంటి సంగతి. పుస్తకం సంగతి వేరు. నేను వినని మాట రాయమనే హక్కు ఎవరికీ లేదు.

మాస్టారు రిటైరయ్యాక దువ్వాడలో కొడుకు ఇంట్లో ఉండేవారు. ఒకసారి ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు హాల్లో, విశ్వంలో మనలాంటివాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారా అని ఉపన్యాసం ఉందంటే ఇద్దరం వెళ్ళాం. మాట్లాడినాయన బాగా చదువుకున్నవాడు. ఇన్నేళ్ళుగా వింటున్నాం, ఎక్కడినుంచీ ఏ సంకేతమూ రాలేదు, కాబట్టి మనం ఒంటరివాళ్ళమని ఒప్పుకోవాలని ముగించాడు. చప్పట్ల మధ్యలో మాస్టారు లేచారు.

“మీరు ఇన్నది ఎంతసేపు బాబూ? ఆల్లు కొట్టి ఆగినప్పుడు మీరు ఊరుకున్నారా, మాట్టాడతన్నారా?”

ఆ యాసకి వెనక కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. అయితే ఉన్నారంటారా తాతగారూ అని వేదిక మీదాయన నవ్వుతూ అడిగాడు. నాను ఉన్నారన్నేదు, నేరని మీరు రాయకండంతన్నాను, అంతే, అని కూర్చున్నారు. మెట్లు దిగుతుంటే ఆ నవ్వులకి నేను ఇంకా ఉడికిపోతున్నాను. ఆయనకేం పట్టినట్టు లేదు, బస్సు కాంప్లెక్సు వైపు నడుస్తూ వేడి పునుగులు తిందామా అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. గడియారం మా వంటింట్లో ఉంది. ముల్లు ఎర్రలోకి వస్తే ఇంట్లో టీవీ కట్టేస్తాను. పిల్లలు మొదట్లో నవ్వారు, ఇప్పుడు వాళ్ళే కట్టేస్తున్నారు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లవాళ్ళకి సెట్టు వాడడం నేర్పే పని చేస్తున్నాను. మీట నొక్కడం ఎవరికైనా ఒక్క రోజులో వస్తుంది. వదలడం నేర్పడానికి మాత్రం వారం పడుతుంది. ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరు, చుక్కల్లో మనుషులున్నారా మేడమ్ అని ఆట పట్టించడానికి అడుగుతారు. వాళ్ళకి కొండ మీది పుస్తకంలో అన్నయ్య బోటు పేరున్న పేజీ గురించి చెబుతాను. దాన్ని కొట్టేయమని ముగ్గురు అధికారులు వచ్చారు, వెళ్ళారు. ఆ గది మూసేసే రోజున చివరిసారి ఆ పేజీ తెరిచి చూశాను. బోటు పేరు, ఏడుగురి పేర్లు, కింద నా చేతిరాతలో ఒకటే మాట, ‘వినబడలేదు’. దాని కింద మాస్టారిదీ నాదీ, రెండు సంతకాలున్నాయి.