లక్ష్మీరాజం సారు పుట్టగొడుగుల కొట్టం

లక్ష్మీరాజం సారుకు ఒకటే చాదస్తం: ఎంతటివారైనా సరే, ఉతికిన బట్ట కట్టుకోనిదే తన పుట్టగొడుగుల కొట్టంలో కాలు పెట్టకూడదు. గుమ్మం పక్కన తీగ మీద అరడజను లుంగీలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. పెళ్లి పత్రిక తెచ్చిన వియ్యంకుడు కూడా లుంగీ కట్టుకునే పత్రిక ఇచ్చాడు. కొత్తల్లుడైతే అలిగి బోధన్ బస్సెక్కాడు. కంఠేశ్వర్ వాడంతా పడీపడీ నవ్వింది.

సైన్సు పంతులుగా రిటైరైన ఆయన కారణం చెబితే వినేదెవరు? పసుపు దుంప కుళ్లకుండా రైతులు పచ్చబూజు పొడి చల్లుతారు. ఆ బూజు తక్కిన బూజుల్ని తినేస్తుంది. పుట్టగొడుగూ బూజు జాతిదే కాబట్టి, పసుపుకు మందైనది బట్టలకు అంటుకొచ్చినా దీనికి మృత్యువు.

పక్క వాడ రేణుకమ్మ ఆయనిచ్చిన విత్తనంతో పది గడ్డి సంచుల్లో పుట్టగొడుగులు పెట్టింది. బీడీలు చుట్టీ చుట్టీ తంబాకు దుమ్ముకు ఆమెకు దగ్గు పట్టుకుంది. ఈ సంచులు నిలబడితేనే బీడీల చాట వదిలేది. అలాంటిది, ఒకనాడు మాక్లూర్‌కు కూలికి వెళ్లి, పసుపు మళ్లలో ఆ పొడే చల్లి, అదే చీరతో వచ్చి సంచులకు నీళ్లు చిలకరించింది. నాలుగో రోజుకల్లా అన్నిటి మీదా పచ్చమచ్చలు.

పారేద్దామని ఎత్తుతుంటే సారు వచ్చాడు. కొంపంటుకున్నా ముందు లుంగీ మార్చే మనిషి. మార్చాకే లోపలికొచ్చి భూతద్దం పెట్టి చూశాడు.

"పారెయ్యకు బిడ్డా. తెలుపుకు, పచ్చకు నడుమ గోధుమరంగు గీత సూడు. శత్రువు మీదికొచ్చిందని పుట్టగొడుగుకు ఎరుకైంది. తన తెల్ల పోగుల గోడలు మందం జేసుకుంటున్నది."

"ఆగుతదా సార్?"

"కొన్ని ఆగుతయ్, కొన్ని ఆగయ్. జూద్దాం."

పచ్చబడ్డ చోటల్లా సున్నం అద్ది, వారం రోజులు పొద్దున్నే వచ్చి చూశాడు. మూడు సంచులు పోయాయి. తక్కిన ఏడింట్లో పచ్చ ఆ గీత దాటలేకపోయింది. ఇవతల తెల్లటి మొగ్గలు పొడిచాయి. రేణుకమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. ఇన్ని లుంగీలు మార్పించిన సారు విత్తనమే చెడిపోయిందట అని వాడకట్టంతా నవ్వుతోంది. ఆ మాట ఇంటింటికీ చెప్పొచ్చింది సారే.

"పొడి అంటిన చీరతోని వొచ్చింది నేను గద సార్. మీరెందుకు మీదేస్కున్నరు?"

"నన్ను జూసి ఎట్లయినా నవ్వుతనే ఉన్నరు. ఇంకింత నవ్వితే నాకేం పోతది? నిన్ను జూసి నవ్విండ్రనుకో, మల్ల చాట ముందట కూసుంటవ్."

రేణుకమ్మ కళ్లు తుడుచుకోబోయి నవ్వేసింది. ఆ సాయంత్రమే వాడకట్టు ఆడవాళ్లకు తన తప్పు తానే చెప్పింది. ఎగతాళి చేస్తారనుకుంది. వాళ్లు బీడీలు పక్కన పెట్టి, ఆ విత్తనం తమకూ ఇప్పించమన్నారు.