కుట్లు విప్పిన జెండా

రోజుకో కొత్త రూలు పెట్టే పాలకుల మీద ఒళ్లు మండి, ప్యాంట్లు కుట్టే టైలరు తన మేడమీది గదిని స్వతంత్ర దేశంగా ప్రకటించేశాడు. లైనింగు ముక్కలతో జెండా కుట్టాడు. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? ఎదిగే పిల్లల ప్యాంటుకు వదిలినట్టే, అంచున బెత్తెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టాడు.

"జెండాకి ఆ మడత ఎందుకండీ?" అంది భార్య.

"రేపు దేశం పెరిగితే?"

"పెరుగుతుంది, మీ మొహం!" అని ఆవిడ విసవిసా కిందికి దిగిపోయింది.

కొన్నాళ్లు ఆ దేశానికి రాజూ ఆయనే, ప్రజా ఆయనే. ఒక సాయంత్రం ఆవిడ దిండు చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"కింద ఒక్కదానికి ఏం తోచి చావడం లేదు. కాస్త జరగండి."

టైలరు జరిగాడు. తర్వాత జెండా దించి, కళ్లజోడు తగిలించుకుని, అంచు కుట్లు విప్పసాగాడు.