వంటింట్లో మోగే గంట

మెత్తని కత్తీ, మెత్తని అత్తా లోకంలో ఉండరంటారు. నేనూ మెత్తనిదాన్ని కాదు. చదువు మూడో తరగతితో సరి. అయినా మా కోడలి గురించి రాయాలంటే నేనే రాయాలి.

కంప్యూటరు తెర మీద బటన్లు పెట్టడం ఆమె ఉద్యోగం. పైథాన్ అనే భాషలో రాస్తుంది. బటను నొక్కితే ఒక సిగ్నలు పుడుతుంది. ఆ సిగ్నల్ని ఏ పనికి కడితే ఆ పని జరుగుతుంది.

మా ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం కాస్త ఆడేది. కోడలు మంచం పక్కన తెర అమర్చి, పళ్ళెమంత బటను పెట్టింది. ఆయన నొక్కితే వంటింట్లో గంట మోగాలి. తను నొక్కింది, మోగింది. నేను నొక్కాను, మోగింది.

మర్నాడు గదిలోకి వెళ్ళేసరికి దుప్పటి తడిసిపోయి ఉంది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు.

"ఇంత చదువూ చదివి ఒక్క గంట మోగించలేకపోయావా? ఆవు మెడలో గంట నయం!" అన్నాను.

"మావయ్యగారు నొక్కలేదేమో అత్తయ్యా."

"నొక్కకుండానే ఆ తెరంతా వేలిముద్రలా?"

కోడలు ఆయన పక్కన కూర్చుని చెయ్యినే చూసింది. వేలు బటను మీద ఆనేది, వణికేది, పైకి లేచేలోపే పక్కకి జారిపోయేది. తను కట్టిన సిగ్నలేమో, వేలు బటను మీదే పైకి లేస్తే తప్ప పుట్టదట.

"మన వేళ్ళతోనే చూశాను అత్తయ్యా, ఆయన వేలితో చూడలేదు" అని తలదించుకుంది.

వేలు ఆనగానే పుట్టే సిగ్నలుకి మార్చింది. ఇక చూడండి, దిండు జరపమని గంట, ఈగ తోలమని గంట, ఊరికే గంట!

"నేనేమన్నా మీ జీతగత్తెనా?" అంటే, వంకరపోయిన మూతితో నవ్వి మళ్ళీ నొక్కేవారు.

కొన్నాళ్ళకి ఆ చెయ్యి కూడా పడిపోయింది. కోడలు తెర మొత్తాన్నీ బటను చేసింది. తెరను ఆయన అరచేతి కిందికే తెచ్చింది. వేలు కదల్లేదు.

"ఇంకేదో ఒకటి రాయవే తల్లీ" అన్నాను. నేనెవరినీ బతిమాలిన దాన్ని కాదు.

"ఆయన దగ్గర్నుంచి ఏదో ఒకటి రావాలి అత్తయ్యా. వస్తే ఎలాగైనా కడతాను. రాకపోతే నేనేం చెయ్యను?"

ఇప్పటికీ ఆఫీసు నుంచి రాగానే, కదలని ఆయన చేతి పక్కనే తెర మీద వేలు పెట్టి చూస్తుంది, పనిచేస్తోందా లేదా అని. నొక్కింది కోడలేనని నాకు తెలుసు. అయినా గంట మోగగానే పొయ్యి కట్టేసి ఆ గదికే వెళతాను.