అన్‌సీజన్ నాయకులు గారి ఫారిన్ ట్రిప్పు

ఏలూరు మెయిన్ బజారులో స్టీలు సామాన్ల కొట్టున్న శ్రీరంగనాయకులు గారు ఏ పనైనా చేస్తారు గానీ, లోకం చేసే వేళకు మాత్రం చేయరు. అందరూ వెళ్ళే చోటికి అందరూ తిరిగొచ్చేశాక వెళ్తారు. లేదంటే అందరికంటే రెండు నెలల ముందే వెళ్ళొచ్చేస్తారు. ఊళ్ళో ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమో గానీ, 'అన్‌సీజన్ నాయకులు గారు' అంటే మాత్రం ఆయనొక్కరే.

స్వెట్టరు రోహిణీకార్తెలో కొంటారు. కొనేముందు వేసుకుని చూస్తారు కూడా. సినిమాకి ఆఖరి వారం మ్యాట్నీకి వెళ్తారు. ఓసారి హాల్లో ఆయనా, భార్య బాలసరస్వతి గారూ తప్ప ఎవరూ లేక ఆట ఆపేస్తామంటే, "మేమిద్దరం ఉన్నాం గదండీ, ఇంకెంతమంది కావాలి?" అని మేనేజరుతో వాదించి శుభం కార్డు దాకా వేయించుకున్నారు. పెళ్ళిళ్ళకు ముహూర్తం దాటిన పదిరోజులకు వెళ్తారు. "ఆ రోజే వెళ్తే పెళ్ళికొడుక్కి నా మొహం గుర్తుంటుందా? ఇప్పుడు చూడండి, పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ ఇచ్చాడు" అంటారు.

వ్యాపారమూ అంతే. మాఘమాసంలో పెళ్ళి సామాన్ల కోసం కొట్టు కిటకిటలాడుతుంటే, "ఈ తొక్కిసలాటలో ఏం చూస్తారమ్మా? ఆషాఢంలో రండి, తీరిగ్గా చూద్దురుగాని" అని పెళ్ళికూతురి తల్లికి సలహా ఇస్తారు.

"నాన్నగారూ, వాళ్ళ పెళ్ళి ఎల్లుండండీ!" అని కొడుకు భరత్ మొత్తుకుంటాడు.

కొల్లేటికి పక్షులొచ్చేది చలికాలంలో. ఈయన వెళ్ళేది మే నెలలో.

"ఎన్ని పక్షులు చూశారండీ?" అని అడిగానోసారి.

"ఒక కాకి. కానీ ఎంత ప్రశాంతంగా చూశామనుకున్నావు! అదీ మమ్మల్ని అంతే శ్రద్ధగా చూసింది."

నా పేరు వసీమ్. పవర్‌పేటలో రైలు, విమానం టికెట్లు బుక్ చేసే ఆఫీసు నాది. మా నాన్న జానీ తివాచీలు నేసేవారు. ఆయన నేసినవి సముద్రాలు దాటాయి గానీ ఆయన నిడదవోలు దాటలేదు. ఆ లోటు తీర్చడానికన్నట్టు నేను ఊళ్ళోవాళ్ళను సముద్రం దాటించే పని పెట్టుకున్నాను. నాయకులు గారిని బాబాయిగారనీ, బాలసరస్వతి గారిని పిన్నిగారనీ చిన్నప్పటి నుంచీ పిలవడం అలవాటు.

రెండువేల ఆరు జనవరిలో బాబాయిగారు చుట్టచుట్టిన క్యాలెండరొకటి తెచ్చి నా బల్లమీద పరిచారు. ఏప్రిల్ నెల పేజీలో ఎరుపూ పసుపూ తులిప్ పూల చేలు, వాటి వెనక ఒక గాలిమర.

"మీ పిన్నిగారు ముచ్చటపడిందయ్యా. ఇదెక్కడ?"

"హాలెండండీ. ఏప్రిల్లో వెళ్తే కన్నుల పండగే."

"అప్పుడు జనం?"

"విరగబడతారండీ."

"అయితే ఏప్రిల్ తీసెయ్. ఎప్పుడు ఖాళీ?"

"మార్చి మొదట్లో. కానీ అప్పుడు పూలుండవండీ. దుంపలింకా మట్టిలోనే ఉంటాయి."

"పూలు అందరూ చూశారు. ఆ మట్టి ఎవడైనా చూశాడా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక రోజూ రావడం, ప్రశ్నలడగడం. "సోమవారం దిగితే రద్దీ ఉంటుందేమో, మంగళవారం దిగుదామా? అక్కడివాళ్ళు భోజనానికి ఎన్నింటికి వెళ్తారు? మనం అప్పుడు ఆ చేలు చూద్దాం. జనం లేని విమానం ఏదైనా ఉందేమో చూడు."

"జనం లేకపోతే అది ఎగరదండీ బాబాయిగారూ."

ఆయనలా ప్లాను వేస్తుండగానే ఓ రోజు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి పాండురంగారావు గారు నా ఆఫీసుకొచ్చారు. ఏప్రిల్లో నలభైమందిని యూరప్ తీసుకెళ్తున్నారాయన. బాబాయిగారిని చూడగానే, "మీ దంపతులూ వచ్చేయండి! పదకొండు రోజులు, ఏడు దేశాలు! అందరికీ పసుపు టోపీలు. నేను జెండా పట్టుకుని ముందు నడుస్తాను. వెనకబడ్డవాళ్ళ కోసం బస్సు ఆగదు!" అన్నారు ఉత్సాహంగా.

"ఆగదా అండీ?"

"ఆగితే ఏడు దేశాలెలా అవుతాయండీ?"

"అయితే మేం రామండి" అని బాబాయిగారు లేచి వెళ్ళిపోయారు.

ఈ మార్చి ప్లాను సంగతి ఇంట్లో తెలిసిపోయింది. మర్నాడు పిన్నిగారు ఫోను చేశారు.

"పూలు చూస్తానంటే దుంపలు చూపిస్తారటయ్యా మీ బాబాయిగారు! దుంపలకు అంతదూరం ఎందుకూ, మన పెరట్లో కంద లేదూ? నలభై ఏళ్ళుగా పిట్టల్లేని కొల్లేరూ, మంచు లేని అరకూ చూశాను. ఈసారి పూలుంటేనే వస్తాను."

నాలుగు రోజులు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఉన్న మాటలన్నీ నా ఫోనులోంచే నడిచాయి.

"దుంపలకు మొలకలొచ్చి ఉంటాయని ఆవిడతో చెప్పు" అంటారు బాబాయిగారు.

"మొలకలు పెసలకీ వస్తాయని ఆయనతో చెప్పు" అంటారు పిన్నిగారు.

ఐదో రోజు ఆయన ఆఫీసుకొచ్చి మళ్ళీ మొలకల మాట ఎత్తేసరికి నాకు ఒళ్ళు మండింది. "బాబాయిగారూ, ఆవిడ ఇన్నేళ్ళకు నోరు తెరిచి ఒక్కటడిగారు. మీ పట్టుదల కోసం అదీ చెడగొడతారా?" అని కాస్త గట్టిగానే అనేశాను.

ఆయన టీ గ్లాసు బల్లమీద పెట్టేశారు.

పిన్నిగారికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. నెమ్మదిగా నడుస్తారు. అది ఊరందరికీ తెలిసిందే. కాకపోతే ఆ కాలినీ, ఈయన అన్‌సీజన్ పట్టుదలనీ ఎవరూ కలిపి చూడలేదు.

"పెళ్ళయిన కొత్తలో పుష్కరాలకు తీసుకెళ్ళానయ్యా" అన్నారు బాబాయిగారు. "వెనకనించి ఒకటే తోపులాట. 'నడవలేనావిడ ఇంటిపట్టునుండక ఎందుకొచ్చిందో' అన్నాడొకడు. ఆవిడ వింది. ఏమీ అనలేదు. తర్వాత రెండేళ్ళు ఎక్కడికి పిలిచినా, 'నావల్ల మీకు ఆలస్యం, మీరెళ్ళి రండి' అనేది. ఓ ఎండాకాలం బలవంతాన కొల్లేరు తీసుకెళ్ళాను. పిట్ట లేదు, మనిషి లేడు. గట్టుమీద గంటసేపు నడిచిందయ్యా, కబుర్లు చెబుతూ! తొందరపెట్టేవాడు లేడు గదా. ఆ రోజునించీ నాకు జనమంటే పడదని ఊరంతా చెప్పుకుంటున్నాను. 'నీకోసం' అంటే ఆవిడ గడప దాటదు."

"మరి సినిమాలు, పెళ్ళిళ్ళు?" అన్నాను.

"అక్కడా మెట్లుంటాయి, తోసేవాళ్ళూ ఉంటారు గదయ్యా."

"అయితే రోహిణీకార్తెలో స్వెట్టరెందుకండీ?"

బాబాయిగారు సిగ్గుపడ్డారు. "అది అలవాటైపోయింది."

ఆ పూటంతా కంప్యూటరు ముందు కూర్చున్నాను. అక్కడొక పెద్ద పూలతోట మార్చి నాలుగో వారంలో తెరుస్తారని తెలిసింది. తెరిచిన మొదటి రోజుల్లో, అదీ సెలవు కాని రోజు పొద్దున్నే వెళ్తే జనం పలచగా ఉంటారు. పూలు సగం విచ్చుకుని ఉంటాయి. ఇంటి గుమ్మం నుంచి తోట గేటు దాకా కార్లు మాట్లాడి, ఆ కాగితం పట్టుకుని వాళ్ళింటికెళ్ళాను.

"సగం సీజనన్నమాట" అన్నారు బాబాయిగారు, బేరం కుదిరీ కుదరనట్టు గడ్డం రుద్దుకుంటూ.

"సగమైనా పూలేగా" అన్నారు పిన్నిగారు. నాలుగు రోజుల తర్వాత ఆయన వైపు చూసి నేరుగా అన్న మొదటి మాట అది.

వీసా కోసం మద్రాసు వెళ్ళినప్పుడు అంతా తలకిందులవబోయింది.

"ఎందుకు వెళ్తున్నారు?" అని అక్కడి ఆఫీసరు అడిగాడట.

"పూలు చూడ్డానికండి."

"ఏప్రిల్లో అయితే ఇంకా ఎక్కువ పూస్తాయి కదా?"

"పూస్తాయండి. అందుకే మార్చిలో వెళ్తున్నాం."

ఆఫీసరుకు అనుమానమొచ్చి ఇద్దరినీ అరగంట కూర్చోబెట్టాడట. చివరికి పిన్నిగారు కౌంటరు కిటికీ దగ్గరికెళ్ళి, "ఆయనెప్పుడూ ఇంతేనండీ, నలభై ఏళ్ళుగా ఇంతే" అని చెప్పాక గాని స్టాంపు పడలేదు.

మార్చి నెలాఖరున ఓ మధ్యాహ్నం నా ఫోను మోగింది. పిన్నిగారు!

"వసీమూ, తోటలోంచే మాట్లాడుతున్నానయ్యా!"

"పూలున్నాయా అండీ?"

"కొన్ని విచ్చాయి, కొన్ని మొగ్గలమీదున్నాయి. ఎర్రవైతే ఒక మడి నిండా పూశాయి. ఎంత బావున్నాయో చెప్పలేను! జనం కూడా అట్టే లేరు."

"బాబాయిగారేరండీ?"

పిన్నిగారు గొంతు తగ్గించారు. "వెనక వస్తున్నారు. ఈ చలికి ఆయనకు మోకాళ్ళు పట్టేశాయయ్యా. అడిగితే ఒప్పుకోరు. అందుకని నేనే మడిమడికీ ఆగి, ఇవి కాసేపు చూద్దామండీ అంటున్నాను. పొద్దుట్నుంచీ ఇదే పని. ఉండు, వచ్చేశారు..." అని మళ్ళీ గొంతు పెంచారు. "ఏవండీ, ఈ తెల్లవి చూశారా? అప్పుడే కదలొద్దండీ, నాకింకా చూడాలనుంది!"

"సరే, చూడు. నాకేం, ఇంకో పది మైళ్ళయినా నడుస్తాను!" అంటూ రొప్పుతున్న బాబాయిగారి గొంతూ, ఆ వెంటనే ఆయన బెంచీ మీద కూలబడిన చప్పుడూ ఏలూరు దాకా వినిపించాయి.