ఢమాల్ గారి గట్టి కెమెరా

ఎవరైనా కెమెరా కింద పడేసుకుని ఏడుపు మొహంతో వస్తే, తన కెమెరాని కూడా పడేసి చూపించడం ఆ రిపేరు షాపాయనకున్న ఒకే ఒక్క జబ్బు. వీధంతా ఆయన్ని ఢమాల్ గారనే పిలిచేది. అసలు పేరుతో వచ్చిన ఉత్తరాలు, ఆ పేరుగలాయన ఇక్కడెవరూ లేరని వెనక్కి పోయేవి.

"చెయ్యి జారిందండీ..." అని వచ్చినవాళ్లు మొదలుపెట్టేలోపే, ఆయన పాత ఇనుప కెమెరా బల్ల మీంచి ఢమాల్‌మని నేల మీద. వెంటనే ఖళ్లు ఖళ్లుమని దగ్గు.

"చూశారా? చెక్కు చెదరలేదు! మంచి కెమెరా అంటే అదీ. మీదీ బతుకుతుంది. ముందు కూర్చోండి."

పక్క బల్ల దగ్గర పనిచేసే కూతురు తల పట్టుకునేది. "నాన్నా, నేలంతా సొట్టలు."

"నేల నాసిరకంది తల్లీ."

"ఆ దగ్గుకైనా మందు వాడు."

"పాత తయారీని. నాకేం కాదు."

మధ్యాహ్నం ఆమెని భోజనానికి పంపి, తలుపు మూసుకుని ఆ కెమెరా ముందేసుకునేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "దుమ్ము తుడుస్తున్నా" అనేవాడు.

ఒకరోజు మెట్ల మీంచి ఆయనే పడ్డాడు. ఆస్పత్రి మంచం మీద కూతురి చెయ్యి పట్టుకుని, "చూశావా? చెక్కు చెదరలేదు" అన్నాడు. మూడోరోజు పోయాడు.

అబద్ధాలకోరు, అనుకుందామె. ఏడ్చినంతసేపూ అదే తిట్టింది.

నెల తర్వాత షాపు తెరిచి ఆ కెమెరా విప్పింది. లోపల ఏ రెండు మరలూ ఒక జత కాదు. స్ప్రింగులన్నీ వేరే కెమెరాలవి. చట్రానికి నాలుగు చోట్ల అతుకులు. సొరుగులో డబ్బా నిండా విరిగిన ముక్కలు. పడ్డ ప్రతిసారీ అది విరిగింది. ఆ చప్పుడు వినపడకుండా దగ్గేవాడన్నమాట!

అన్నీ బిగించేసరికి గుమ్మంలో ఒక ముసలాయన. తువ్వాల్లో చుట్టిన కెమెరా.

"మా ఆవిడదమ్మా. పోయి ఏడాదైంది. పదిలంగా చూసుకుంటానని మాటిచ్చాను. తుడుస్తుంటే..." తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టాడు. "వెధవ చేతులు."

ఆమె నాన్న కెమెరాని ఒక్క క్షణం గుండెకి ఆనించుకుంది. వదిలేసింది.

ఢమాల్!

లోపల ఏదో టక్కుమంది. ఆమె ఖళ్లు ఖళ్లుమని దగ్గింది.

"చూశారా? చెక్కు చెదరలేదు. మీదీ బతుకుతుంది. ముందు కూర్చోండి."

ముసలాయన కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. ఆమె వంక జాలిగా చూశాడు.

"దగ్గుకి మందేమైనా వాడుతున్నావా తల్లీ?"