ఖాజాబీ చెప్పిన ఐబులు

కోడేరులో ఖాజాబీని ఎరగని ముస్లిం ఇల్లు లేదు. చిన్నా పెద్దా అందరూ ఆమెను ఆపా, అంటే అక్కా అని పిలిచేవారు. ఆమె మషాతా, అంటే పెళ్ళిసంబంధాలు చూసే మనిషి. పెళ్ళికొడుకు స్వయంగా వెళ్ళి పిల్లను చూసే ఆచారం ఆ ఇళ్ళలో లేదు. వాడి తరఫున ఖాజాబీ వెళ్ళేది. లోపలికి పోయి, మంచినీళ్ళడిగి, పిల్ల గ్లాసు ఎట్లా పట్టుకుందో చూసి, మడమలు చూసి, పొయ్యి చూసి, బోర్లించిన గిన్నెల అడుగులు కూడా చూసి వచ్చేది. నాగర్‌కర్నూలు నుంచి గద్వాల దాకా ఆమె అట్లా చూసిన పిల్లలు రెండు వందల పైమాటే.

మిగతా మషాతాలు మెల్లకన్నును సిగ్గనీ, గయ్యాళితనాన్ని చురుకనీ చెప్పి నికా రోజు చీర పుచ్చుకుని పోతారు. ఖాజాబీ పద్ధతి వేరు. ముందు ఐబులు చెప్పేది. ఐబు అంటే లోపం. అవన్నీ వరసగా చెప్పి, విన్నవాళ్ళు నీరుగారిపోయాక, అప్పుడు మంచి గుణాలు చెప్పేది. దీనివల్ల ఎన్నో సంబంధాలు తప్పిపోయాయి. అయినా జనం ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఆ పద్ధతి ఊరికే రాలేదు. పదమూడో ఏట ఆమెకు పెళ్ళయింది. మొగుడికి మూర్ఛ ఉందని ఎవరూ చెప్పలేదు. మూడో ఏడు అతను ఒక్కడే బావికి పోయి, నీళ్ళు చేదుతూ మూర్ఛ వచ్చి బావిలో పడి చనిపోయాడు. "చెప్పుంటే నేను కూడ పోతుంటి గదా" అని ఆమె ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అనేది. ఆమె కోపమంతా ఆ చెప్పని వాళ్ళ మీదే.

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు వచ్చిన ఏడు, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్న యుద్ధం రోజుల్లో, కళాయి ఇమామ్ సాహెబ్ ఆమె గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. రాగి గిన్నెల లోపల కళాయి, అంటే తగరం పూత, వేయడం ఆయన పని. యాభై ఆరేళ్ళు. భార్య పోయి ఆరేళ్ళయింది, ఉన్న ఒక్క కూతురూ అత్తారింటికి పోయింది.

"ఆపా, ఒక్కన్నే తింటుంటే బువ్వ గొంతు దిగుతలేదు. అయిజల తాజ్‌బీ అని ఒకామె ఉన్నదంట. మొగుడు పోయినామె. జర చూసొస్తవా?" అన్నాడు.

పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళెవరైనా మషాతాకు తోడు వెళ్ళాలి. ఇమామ్ సాహెబ్‌కు అట్లాంటి వాళ్ళెవరూ లేరు. పైగా మనిషిని చూడనిదే మాట ఇవ్వనని తాజ్‌బీ వాళ్ళన్న అబ్దుల్ వహాబ్ కబురు పెట్టాడు. అందుకని ఇద్దరూ బయలుదేరారు. ఆయన నిప్పు ఊదే తిత్తి, బొగ్గు సంచి, గిన్నెల మురికి తీసే నవాసారం పొట్లం, తగరం కడ్డీ అన్నీ మూట కట్టుకున్నాడు. పెళ్ళిచూపులకు ఇదంతా ఎందుకని ఆమె అడిగితే, "ఇంట్ల పెడితే ఎవరన్న ఎత్కపోతరు" అన్నాడు. అసలు సంగతి, చేతిలో తిత్తి లేకపోతే ఆయనకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మొదటి రోజు బండి మీద వనపర్తి చేరారు. రాత్రి బస నిజాముద్దీన్ ఇంట్లో. అతనికీ జాహెదాకూ ఎనిమిదేళ్ళ కింద సంబంధం కుదిర్చింది ఖాజాబీయే. జాహెదా వంటింట్లో నుంచి పలకరిస్తే వీధి చివర మేక బెదిరింది.

"ఆపా, నాకు నీ మీద ఒక ఫిర్యాదున్నది" అన్నాడు నిజాముద్దీన్. "ఈమె గొంతు మూడిండ్లకు వినిపిస్తదని చెప్పినవు. ఐదిండ్లకు వినిపిస్తున్నది."

"అప్పుడు జలుబు చేసుండె బిడ్డకు" అంది ఖాజాబీ.

జాహెదా వేడి పాలు తెచ్చి ఇచ్చింది. ఇమామ్ సాహెబ్ రాగి గ్లాసు కనబడగానే అలవాటు కొద్దీ తిప్పి అడుగు చూశాడు. పాలన్నీ ఒళ్ళో పడ్డాయి. ఖాజాబీ ఆ రాత్రి పడుకోబోయే దాకా తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

మర్నాడు బొగ్గు బస్సు ఎక్కారు. డ్రైవర్ అబ్రహాం మంచివాడే కానీ బస్సు వెనక ఉన్న పొయ్యి అతని మాట వినలేదు. మొదటి ఎత్తులోనే నిప్పు చల్లారింది. అందరూ దిగి తోశారు. బస్సు కదల్లేదు. అబ్రహాం పొయ్యి మూత తీసి లోపలికి చూస్తూ దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

"జరుగు నాయనా" అని ఇమామ్ సాహెబ్ మూట విప్పాడు. "బొగ్గు తడిసింది. పైన కాదు, కింద నుంచి ఊదాలె." తిత్తి పెట్టి, "రా తల్లీ, లే తల్లీ" అని నిప్పుతో మాట్లాడుతూ ఊదాడు. తన సంచిలోని పొడి బొగ్గంతా వేశాడు. పావుగంటలో బస్సు దగ్గి, తుమ్మి, లేచింది. జనం ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టబోతే, "ఆపా మోకాళ్ళు నొస్తయి, ఆమెను కూసోబెట్టుండ్రి" అని తను వెనక పొయ్యి పక్కనే నిలబడ్డాడు. మోకాళ్ళ సంగతి ఆమె ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

మూడో రోజు శ్రీరంగాపూర్‌లో పోయింది. అక్కడి గుడి వంటశాల గంగాళాలకు ఏటా కళాయి వేసేది ఆయనే. కనపడ్డాక వదులుతారా? ఆయన గంగాళంలోకి దిగి తగరం రుద్దుతుంటే ఖాజాబీ బయట తిత్తి ఊదింది. పెళ్ళికొడుకును ముస్తాబు చేసి తీసుకుపోవాల్సింది పోయి, మసిపట్టిన మనిషిని తీసుకుపోతున్నానని గొణుక్కుంది. గొణుక్కుంటూనే ఆయన తలకు గుడ్డ కట్టింది. పనయ్యాక ఒక గంగాళం తుడిచి చూపించాడు. లోపల ఇద్దరి మొహాలూ తెల్లగా, వంకరగా కనిపించాయి. ఆమె చప్పున పక్కకు జరిగింది. ముప్పై ఏళ్ళుగా ఇతరుల మొహాలు చూడటమే గానీ, ఒక మగమనిషి పక్కన తన మొహం చూసుకోవడం ఆమెకు కొత్త.

నాలుగో రోజు కృష్ణ దాటాలి. గుండ్రటి తెప్ప లాంటి పుట్టి నడిపే కురుమయ్య జనాన్ని బరువు చూసి కూర్చోబెడుతున్నాడు.

"ఆలుమగలు ఒక్క పక్క కూసోవద్దు. నడుమ ఏట్ల కొట్లాడితే పుట్టి తిరుగుతది" అన్నాడు.

"మేం ఆలుమగలం కాదు" అన్నారు ఇద్దరూ.

"గట్లయితే మంచిగాయె. ఒక్క పక్కనే కూసోండ్రి."

ఇమామ్ సాహెబ్‌కు నీళ్ళంటే భయం. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కానీ ఒక చేత్తో ఖాజాబీ మూటను పట్టుకుని, అవతలి ఒడ్డు వచ్చేదాకా వదల్లేదు. మూట పోతుందని ఆయన భయం. ఆ మూటలో ఒక పాత చీర, నాలుగు రొట్టెలు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి చెప్పబోయి ఆమె ఊరుకుంది.

ఐదో రోజు గద్వాల దాటి అయిజ దారి పట్టాక ఆమెకు నడక సాగలేదు. ఆ రోజే ఆమె తన సంగతి తనకు తాను ఒప్పుకుంది. ఈ మనిషిని ఇంకొకామెకు అప్పజెప్పి రావడం ఆమెకు ఇష్టం లేదు. అయిజలో తాజ్‌బీకి ఏదైనా పెద్ద ఐబుంటే బాగుండునని అనిపించింది. లేకపోతే? ఉందని చెప్పొచ్చు. ఆమె మాట మీద ఇమామ్ సాహెబ్ వెనక్కి తిరిగేస్తాడు, అనుమానం కూడా పడడు. కానీ ఒక్కసారి అట్లా చెబితే, మూర్ఛ సంగతి దాచిన వాళ్ళకూ తనకూ తేడా ఉండదు. నిజం చెబితే మనిషి పోతాడు. అబద్ధం చెబితే ముప్పై ఏళ్ళ బతుకు పోతుంది. ఈ లెక్క తేలకుండానే అయిజ వచ్చేసింది.

అబ్దుల్ వహాబ్ ఇమామ్ సాహెబ్‌ను గోడ వారగా నీడలో కూర్చోబెట్టి ఊరి సంగతులు అడగసాగాడు. ఖాజాబీ లోపలికి వెళ్ళింది.

తాజ్‌బీకి నలభై రెండేళ్ళు. మంచినీళ్ళు అడిగితే గ్లాసు కడిగి, తుడిచి, అడుగున అరచెయ్యి పట్టి ఇచ్చింది. మడమలు చూస్తే శుభ్రం. పొయ్యి అలికి ఉంది. నడిస్తే చప్పుడు లేదు, మాట్లాడితే తొందర లేదు. ఖాజాబీ కుండ మూతలెత్తి చూసింది, దూలం మీద బూజు కోసం చూసింది, చివరికి పెరట్లోకి పోయి పొరుగామెను కూడా అడిగింది. పొరుగామె తాజ్‌బీని మెచ్చుకుంటూ కళ్ళు తుడుచుకుంది. రెండు వందల మందిలో ఒక్క ఐబూ లేని మనిషిని ఖాజాబీ చూడటం అదే మొదలు. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

తిరిగొచ్చి చాప మీద కూర్చుని, "అంత మంచిగనే ఉన్నది బిడ్డా" అంది. ఆ మాటతో ఆమె పని అయిపోయింది. ఇక ఆడపిల్ల వాళ్ళు ఒప్పుకుంటే పటికబెల్లం తెచ్చి మషాతా నోట్లో పెడతారు.

తాజ్‌బీ పటికబెల్లం తేలేదు. ఎదురుగా కూర్చుంది.

"నన్ను చూసినవు. మంచిది. ఆయన ఎట్లాంటోడో నాకెవరు చెప్తరు?"

ముప్పై ఏళ్ళలో ఏ పిల్లా ఆమెను ఈ మాట అడగలేదు. ఖాజాబీకి తెలిసింది ఒకటే పద్ధతి. ముందు ఐబులు చెప్పాలి. మొదలుపెట్టింది.

"ఐబులా? చానా ఉన్నయి. గ్లాసు కనవడితే తిప్పి చూస్తడు, అండ్ల పాలున్నయా నీళ్ళున్నయా చూసుకోడు. నిప్పుతోని మాట్లాడుతడు, మనుషులతోని మాట్లాడనీకె సిగ్గు. ఉల్లిగడ్డ ఉన్నదని బువ్వ తిన్నంక యాదికొస్తది. పది అడుగులు ముందు నడుస్తడు, మల్ల నేను వెనకవడ్డనని చెప్పు తాడు ఊడినట్టు వంగి కూసుంటడు. ఆయన చెప్పుకు తాడే లేదు. బస్సుల సీటిస్తే కూసోడు. ఏట్ల భయపడతడు, భయపడుకుంట కూడ పక్కోళ్ళ మూట పట్టుకుంటడు. నిద్రల గురక లేదు గని, పొద్దుగాల లేవంగనే యాడున్ననో తెల్వక జరసేపు చిన్నపోరని లెక్క చూస్తడు..."

అట్లా ఎంతసేపు చెప్పిందో ఆమెకే తెలియదు. గుమ్మంలో ఎండ చాప దాకా వచ్చింది. తాజ్‌బీ బుగ్గకు చెయ్యి ఆనించుకుని వింటోంది.

"ఇంక ఉన్నయా ఆపా, ఐబులు?"

"ఉన్నయి" అంది ఖాజాబీ.

"ఇక చాలు." తాజ్‌బీ నవ్వింది, ఆ నవ్వులో కోపం లేదు. "ఎన్ని దినాలాయె మీరు బయలెల్లి?"

"ఐదు దినాలు."

"నా మొగనితోని పదైదేండ్లు ఉన్న. గిన్ని నాకు తెల్వదు. నాకు మనిషి కావాలె, నిజమే. గని ఇంకొకామె మనిషి నాకెందుకు? నీ నోట్ల పటికబెల్లం పెట్టలేను ఆపా. ఏమనుకోకు."

ఖాజాబీకి చెవులు వేడెక్కాయి. దాచిన వస్తువు నలుగురిలో జారి పడినట్టయింది. "అట్ల కాదు బిడ్డా" అనబోయింది. అది అబద్ధమవుతుందని నోరు మూసుకుంది. తాజ్‌బీ చేతులు రెండూ ఒకసారి పట్టుకుని వదిలి, బయటికొచ్చింది.

అబ్దుల్ వహాబ్ నమాజుకు వెళ్ళినట్టున్నాడు. ఇమామ్ సాహెబ్ గోడ పక్కన గుంట తవ్వి, అడిగి తెచ్చుకున్న బొగ్గు రాజేసి, ఆ వాడ గిన్నెలన్నీ ముందేసుకుని కళాయి వేస్తున్నాడు. తలెత్తాడు.

"ఏమాయె ఆపా?"

"వద్దన్నది."

ఆయన గిన్నెను పటకారుతో అట్లాగే పట్టుకున్నాడు. "నేను ముసలోన్నయిన్ననా?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఇద్దరూ పరువుగా కోడేరు చేరేవారు.

"వయసు మాట రాలె" అంది ఖాజాబీ. "నీ ఐబులడిగింది. చెప్పిన. పొద్దెక్కేదాక చెప్పిన."

"గన్ని ఉన్నయా నాకు?"

"ఉన్నయి. అన్ని విని, గిన్ని తెల్సినామె ఉండంగ నేనెందుకు, ఇంకొకామె మనిషి నాకొద్దు అన్నది."

ఇమామ్ సాహెబ్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఈలోగా గిన్నె ఎర్రబడి, వేసిన తగరమంతా కారి నిప్పులో పడింది. ముప్పై ఐదేళ్ళ పనిలో ఆయన గిన్నె మాడ్చడం అదే మొదలు. దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

"ఆమె అన్నది నిజమేనా?"

"నిజమే" అంది ఖాజాబీ. ఆమెకు ఇన్నేళ్ళలో ఎన్ని నిజాలు చెప్పినా, ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "గట్లయితే మా తరఫున పిల్లను చూడనీకె ఎవరు పోవాలె? చూసే మనిషివి నువ్వే గదా."

"నువ్వే చూస్కో" అని ఖాజాబీ తల మీది కొంగు వెనక్కి జరిపి, ఎండలో నిలబడింది. నిలబడిందే గానీ ఊరుకోలేకపోయింది. "ముందు ఐబులు విను. ఎడమ చెవి సరిగ వినవడదు. రెండు పండ్లు లేవు. ఒక్కదాన్నే ఉండి ఉండి మొండితనం వచ్చింది. నా వంట..."

"ఆగు" అన్నాడు ఇమామ్ సాహెబ్. "ఐదు దినాల సంది పక్కన నడుస్తున్న. పరాయి ఆడమనిషని ఒక్కసారన్న ముఖం దిక్కు చూడలె. ఐబులు తోవల చెప్దువు గని, జర చూడనీ."